నా పారిజాతం, వదినగారి పొగడ

మా అల్లుడు వరప్రసాదరావు మంచివాడు. ఎంత మంచివాడంటే, అడిగినదానికి బదులు చెప్పకుండా ఉండలేడు. ఆ మంచితనమే ఆ రోజు నా కొంప ముంచింది.

శ్రావణమాసం మొదట్లో ఏదో పనిమీద నందిగామ నుంచి జగ్గయ్యపేట వచ్చి, మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. నేను కంద వేపుడు వడ్డిస్తూ అమ్మాయి ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. అన్నం తింటోందా అన్నాను. తింటోందన్నాడు. కాళ్లు వాస్తున్నాయేమో చూశారా అన్నాను. వాయలేదన్నాడు. ఇంకేమైనా ఉంటే దాచకుండా చెప్పమన్నాను. ఏదో ఒకటి చెప్పకపోతే నేను వదలనని తెలిసినట్టుంది పాపం, మజ్జిగ పోసుకుంటూ అన్నాడు.

"అంతా బాగానే ఉందండీ అత్తయ్యగారూ. మీరిచ్చిన పారిజాతం ఒక్కటే ఆకు రాలుస్తోంది."

"ఊరికే రాలుస్తోందా, పండి రాలుస్తోందా?"

"పండేనండీ."

"మొత్తమా?"

"ఇంకా కొన్నున్నాయండీ."

మా ఆయన పక్క పీట మీంచి, "చెట్టన్నాక ఆకు రాలుస్తుంది. దానికి మాత్రం వేరే పనేముంది" అన్నారు. ఆయనకు పచ్చడి వెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయానో, మానేశానో.

బాలామణి మాకు ఒక్కతే కూతురు. అది పుట్టిన ఏడే మా పెరట్లో పారిజాతం మొలిచింది. ఎవరూ పాతలేదు. గింజ ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. అందుకే అది ఊరికే వచ్చిన చెట్టు కాదని నాకు గట్టిగా అనిపించింది. పిల్లా చెట్టూ కలిసే పెరిగారు. బాలామణికి చిన్నప్పుడు తట్టు పోసి మంచం పట్టినప్పుడు ఆ చెట్టు ఒక్క ఆకు లేకుండా నిలబడింది. పిల్ల లేచి తిరిగేసరికి చెట్టూ చిగిర్చింది. అది ఫాల్గుణమాసమనీ, పారిజాతం ప్రతి ఫాల్గుణంలోనూ ఆకు రాలుస్తుందనీ మా ఆయన అంటారు. ఆయన అనేవి చాలా ఉంటాయి. ఇది మాత్రం శ్రావణం. శ్రావణంలో పారిజాతం నిండా గరుకాకులతో పచ్చగా ఉండి, మొగ్గ తొడగడానికి సిద్ధపడాలి. పైగా ఈ శ్రావణంలో బాలామణికి ఐదో నెల, తొలిచూలు. ఆ ఇంట్లో ఆ చెట్టు ఎండితే ఏమవుతుందో నేను పైకి అనలేదు. లోపల మాత్రం అనుకోవలసినవన్నీ అనుకున్నాను.

కాపురానికి పంపేటప్పుడు మా చెట్టు కింద మొలిచిన మొక్కనే కుండలో పెట్టి పంపాను. "రోజూ నీళ్లు పొయ్యి, మర్చిపోకు" అని బాలామణికి చెప్పాను. అది మర్చిపోతుందేమోనని అల్లుణ్ణి పక్కకు పిలిచి చెప్పాను. మగవాళ్ల మాట నమ్మడానికి లేదు కనక మా వియ్యపురాలు సత్యనారాయణమ్మగారికి చెప్పాను. ఆవిడకు పొగడ చెట్లంటే మోజు, నా పారిజాతాన్ని చిన్నచూపు చూస్తుందేమోనన్న అనుమానంతో వియ్యంకుడు పుల్లయ్యగారికి కూడా చెప్పి వచ్చాను. ఒక్కరికే చెప్పి నిద్రపోయే మనిషిని కాను నేను.

మర్నాడు అల్లుడితోపాటే బయల్దేరాను. "వానాకాలం, బస్సులు ఎక్కడాగుతాయో తెలియదు, ఇప్పుడెందుకే" అన్నారు మా ఆయన. "నిరుడు రజాకార్లు వస్తారని గిన్నెలన్నీ మూటగట్టుకుని వేసవంతా ఆ మూట మీద కూర్చున్నావు. వచ్చారా?"

"రాకపోవడం మన అదృష్టం" అన్నాను.

మా నూతి నీళ్లు ఒక కూజాలో పోసుకుని, మూతికి గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పుట్టింటి నీళ్లు తగిలితే చెట్టు తేరుకుంటుందేమోనని. బొగ్గు బస్సు వెనకాల పొయ్యి కట్టుకుని నడుస్తుంది. అందులో కూర్చుంటే నాకు పాడె ఎక్కినట్టే ఉంటుంది. చిల్లకల్లు దగ్గర ఆపి, క్లీనరు పొయ్యి మూత తీసి బొగ్గులు వేశాడు.

"ఇది పేలదు కదా బాబూ" అన్నాను.

"పేల్తే మీకు తెలీదు లెండి మామ్మగారూ" అన్నాడు వాడు. అది ధైర్యం చెప్పడమో ఏమో తెలియలేదు. నాకింకా మనవలే లేరు, మామ్మనెలా అయ్యానో కూడా తెలియలేదు.

నందిగామ చేరేసరికి సాయంత్రమైంది. వాకిట్లోకి అడుగు పెడుతూనే చెట్టును చూశాను. మనిషి ఎత్తు పెరిగింది, కొమ్మలు బాగా వేసింది, కానీ చిటారున నాలుగు పసుపు ఆకులు తప్ప ఏమీ లేవు. అప్పుడే బాలామణి లోపల్నించి వచ్చింది. బుగ్గలు నిండి, జడలో చేమంతులు పెట్టుకుని, మరమరాలు నములుతూ వచ్చింది.

"అమ్మా, ఆ కూజా ఏంటి? మా నూతిలో నీళ్లు లేవనుకున్నావా?"

"నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, ఆకలేస్తోంది. పొద్దస్తమానం ఆకలే."

ఆకలెక్కువ కావడం మంచిదా కాదా అని ఆలోచిస్తూ లోపలికి వెళ్లాను.

సత్యనారాయణమ్మగారు కాళ్లకు నీళ్లిచ్చి, కాఫీ ఇచ్చి, నన్ను తిన్నగా పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ నూతి పక్కన ఆవిడ పొగడ చెట్టు ఉంది. నిజం చెప్పాలి, దిష్టి తగిలేట్టుంది. గొడుగు పట్టినట్టు గుండ్రంగా, నల్లపచ్చగా, ఆకు ఆకుకీ నూనె రాసినట్టు మెరుస్తోంది.

"చూడండి వదినగారూ. ఎండాకాలం లేదు, శీతాకాలం లేదు. ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఏ రోజూ బోడిగా నిలబడి నన్ను బెదిరించలేదు."

"ఎదగడానికి ఎన్నేళ్లు పట్టింది?"

"నేను కాపురానికొచ్చినప్పుడు పెట్టా. మా వాడు బళ్లోకెళ్లే నాటికి పూసింది."

"మా పారిజాతం మూడో ఏటికే పూస్తుంది వదినగారూ."

"పూసి ఏం లాభం. తెల్లారేసరికి రాల్తాయి, మధ్యాహ్నానికి వాడి ముడుచుకుపోతాయి. నా పొగడపువ్వు ఎండినా వాసన పోదు. పెళ్లినాటి పొగడదండ నా పెట్టెలో ఇంకా ఉంది, చూపించనా?"

"దేవుడికి నేల మీద రాలిన పువ్వు పెట్టచ్చన్నది పారిజాతానికే కదండీ. ఆ గౌరవం వేరే దేనికుంది?"

"ఆ గౌరవం కోసమే కదా రోజూ నా నడుం విరుగుతోంది" అని ఆవిడ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క మాట. మీరేమీ అనుకోనంటేనే. కడుపుతో ఉన్న పిల్ల గడప దాటితే మోడు ఎదురు రాకూడదు. ఈ శ్రావణం చూస్తా. చిగురు రాలేదా, దాన్ని తీసేసి అక్కడ నా పొగడ మొక్క పెడతా."

ఆవిడ కోడలి మంచికే అంటోంది. నేను అనుకున్నదే ఆవిడా అనుకుంది. శ్రావణం దాటేలోగా చెట్టు చిగిర్చాలి. లేకపోతే తీసేస్తారు. నేను పెట్టిన మొక్కను, నా పిల్లతో పుట్టిన చెట్టు బిడ్డను గునపంతో తీసేస్తారు.

తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. ఎవరూ లేవకముందే కూజాలోని మా నూతి నీళ్లు చెట్టు మొదట్లో పోసి, అరుగు మీద స్తంభం చాటున కూర్చుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

కాసేపటికి సత్యనారాయణమ్మగారు బయటికొచ్చింది. పేడనీళ్లు కలిపి చెట్టు చుట్టూ పెద్ద చాపంత మేర నున్నగా అలికింది. రేపు పువ్వు పూస్తే పరిశుభ్రమైన నేల మీద పడాలి, దేవుడికి పెట్టడానికి పనికిరావాలి. పువ్వే లేకపోయినా ఆ నేల రోజూ అలుకుతోంది మహాతల్లి. అలికి, చేతులు కడిగి, ఒక బిందెడు నీళ్లు మొదట్లో పోసి లోపలికి వెళ్లిపోయింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈవిడనా నేను అనుమానించింది అనుకున్నాను.

తర్వాత పుల్లయ్యగారు పళ్లు తోముకుని, అటూ ఇటూ చూసి, చెంబుడు నీళ్లు చెట్టుకు పోశారు. బట్టల కొట్టు తాళంచెవులు మొలకు దోపుకుంటూ వెళ్లిపోయారు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. అల్లుడు స్నానం చేసి, తడిబట్టతోనే బొక్కెనతో తెచ్చి కుమ్మరించాడు. నాకు మరీ సంతోషమైంది. ఇంతమంది ఇంత శ్రద్ధగా చూస్తుంటే చెట్టుకు ఏం రోగమొచ్చిందో, ఎవరి కన్ను పడిందో అనుకున్నాను.

చివరికి బాలామణి బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకుని వచ్చింది. అలుకు మీద కాలు పెట్టింది. మడమ కింద పైపొర పెళ్లలా విరిగి, పాదం చీలమండ దాకా లోపలికి దిగబడింది. నేను అరుగు మీంచి ఎలా దూకానో నాకే తెలియదు. గిన్నె ఎటో పడింది. పిల్లను రెండు చేతులా పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాను.

"నాకేం కాలేదమ్మా. నువ్వే నా చెయ్యి విరిచేలా ఉన్నావు."

దాని పాదానికి నల్లటి బురద. బురద కాదు, మురుగు. కుళ్లిన వాసన.

ఆ అలికిడికి వియ్యపురాలు పరిగెత్తుకొచ్చింది. "ఏమే, ఆ నీళ్లెందుకు తెచ్చావు?"

"చెట్టుకి పోద్దామని అత్తయ్యా."

"నువ్వెందుకు? నేను రోజూ పోస్తున్నాగా. ఈ ఇంట్లో దాని గొడవ పట్టింది నాకొక్కదానికే."

"అన్నయ్యగారు కూడా పోశారు కదండీ ఇందాక" అన్నాను నేను.

"ఆయనా?"

"అల్లుడుగారు బొక్కెనతో పోశారు."

వరప్రసాదరావు తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడిపోయాడు. "మరి అత్తయ్యగారు నాకు ప్రత్యేకంగా చెప్పారు కదమ్మా. బాలామణి మర్చిపోతుందని."

"అలాగా? నాకు చెప్పిందేమో, మగవాళ్లు మర్చిపోతారని" అంది వియ్యపురాలు.

"నాకు అందరికంటే ముందే చెప్పింది, మర్చిపోకని" అంది బాలామణి. అంటూనే నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, మామయ్యకి కూడా చెప్పావా?"

నేను చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంకెటు చూడాలో తెలియలేదు.

"మధ్యాహ్నం కూడా పోస్తున్నానండీ నేను" అని అల్లుడు మెల్లిగా అన్నాడు. "మీరు ఎప్పుడు వచ్చి చూస్తారో అని."

సత్యనారాయణమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, కోపమో కాసేపు తేలలేదు. తర్వాత అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒక్క చెట్టు. ఇంటిల్లిపాదీ దొంగతనంగా నీళ్లు పోశాం. వదినగారూ, మీ భయానికి మేమందరం కలిసి దాన్ని ముంచేశాం కదండీ."

కొట్టుకు వెళ్లిన పుల్లయ్యగారికి కబురంపారు. ఆయన వచ్చి, విషయం విని, "నేనొక్కణ్ణే చూస్తున్నా అనుకుని గర్వపడుతున్నా" అని గునపం తీశారు. మొదలుకు దూరంగా అలుకు పెళ్లగించి మూరెడు లోతు తవ్వారు. మేం చూస్తుండగానే గుంతలో నల్లటి నీళ్లు ఊరాయి.

వియ్యపురాలూ నేనూ ఆ గుంత పక్కన గొంతుక్కూచున్నాం. ఆవిడ మట్టి పిడికిట్లోకి తీసి నొక్కింది. మైనంలా వేళ్ల అచ్చులు పడ్డాయి.

"మీ ఊళ్లో మట్టి ఇలాగే ఉంటుందా?" అంది.

"మా ఊళ్లో మట్టెక్కడిదండీ. అంతా సున్నపురాయి. గునపం వేస్తే నిప్పురవ్వలే. పొద్దున బిందెడు పోస్తే సాయంత్రానికి నేల పెదాలు ఎండిపోయి ఉంటుంది."

"అందుకే అక్కడ బతికింది. ఇది రేగడి. ఒకసారి తాగిందంటే విడిచిపెట్టదు. పైన నేను రోజూ పేడతో మూత వేస్తున్నా. ఎండ తగలదు, గాలి ఆడదు."

"మరి మీ పొగడకు?"

"దానికి నీళ్లు పోసి ఎన్నేళ్లైందో. చిన్నప్పుడే పోశా, రోజూ పోశా. ఇప్పుడు దాని తిండి అదే తింటుంది." ఆవిడ చేతులు దులుపుకుంది. "అయితే దీని మూత తీయాలి. నీళ్లు పోయే దారి చెయ్యాలి. ఇంకంతే."

ఆ రోజంతా ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. అల్లుడు అలుకంతా పెళ్లగించాడు. పుల్లయ్యగారు వాకిలి వాలు చూసి వీధి కాలవ దాకా చిన్న బోదె తీశారు. మునేటి ఇసక ఒక బండి తోలించి మట్టిలో కలిపారు. బస్సులో మా ఆయనకు కబురంపితే, మర్నాడు ఒక గోతాం సున్నపురాయి ముక్కలు పంపించారు. వేళ్లకు పుట్టింటి రాయి తగలాలని నేనే అడిగాను. క్లీనరు ఆ గోతాం దించుతూ, "జగ్గయ్యపేటలో ఇంకేం దొరకలేదా మామ్మగారూ" అన్నాడు. ఆ ముక్కలు బోదె అడుగున పరిచాం.

పువ్వు ఎక్కడ రాలుతుందన్నది ఒక్కటే తేలలేదు. అలకకపోతే దేవుడికి పనికిరాదు. అలికితే చెట్టు బతకదు. చాలాసేపు ఆలోచించి సత్యనారాయణమ్మగారు లోపలికి వెళ్లి ఉతికిన పాత చీర ఒకటి తెచ్చింది.

"పూసే రోజుల్లో రాత్రి పరిచి, తెల్లారాక దులిపి తీస్తా."

పుల్లయ్యగారికి ప్రాణం ఉసూరుమంది. "గుడ్డకు కంట్రోలున్న రోజుల్లో నేల మీద చీరటే."

"బట్టల కొట్టు వాళ్లింట్లో కాకపోతే ఎవరింట్లో పరుస్తారు" అందావిడ.

ఇంక నీళ్ల సంగతి. ఎవరూ పొయ్యకూడదని తీర్మానమైంది. వానే పోస్తుంది, చాలు. వియ్యపురాలు అందరి చేతా చెట్టు ముందు ఒప్పించింది. నన్ను మాత్రం రెండుసార్లు ఒప్పించింది. ఏమీ చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఒక పని చెబితే చేస్తాను. ఉపవాసం ఉండమంటే ఉంటాను. ఊరికే ఉండమంటే ఎలాగ?

బస్సెక్కేటప్పుడు ఆవిడ నా చేతిలో కుండ ఒకటి పెట్టింది. అందులో జానెడు పొగడ మొక్క.

"మీ రాతినేలలో పెట్టండి. వేరు దిగేదాకా రోజూ నీళ్లు కావాలి, పొద్దునా సాయంత్రం. ఎండ దెబ్బ తగలకుండా చూడాలి, మేకలు రాకుండా చూడాలి. నెమ్మదిగా పెరుగుతుంది, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. మీ ఆత్రమంతా దీనికి సరిపోతుంది వదినగారూ. ఆ పారిజాతాన్ని నాకు వదిలెయ్యండి."

మా ఆయనకు ఆ మాట చెప్తే భోజనం మధ్యలో పొలమారేంతగా నవ్వారు.

శ్రావణం చివర్లో అల్లుడు మళ్లీ వచ్చాడు. నేను ఏమీ అడగలేదు. అన్నం పెట్టాను, పప్పు వేశాను, నెయ్యి వేశాను, అడగలేదు. అతనే జేబులోంచి పొట్లం తీసి పీట పక్కన పెట్టాడు. విప్పితే రెండు చిగురాకులు. లేత పచ్చ, వేలితో రాస్తే అప్పుడే గరుకు తేలుతోంది.

"అమ్మ పంపింది. మీరు అడక్కముందే చూపించమంది."

ఆశ్వయుజంలో ఏడో నెలకు బాలామణిని తీసుకురావడానికి నందిగామ వెళ్లాను. రాత్రి చీకట్లో ఇంటికి చేరాను కనక చెట్టు సరిగా కనపడలేదు, వాసన మాత్రం వీధిలోకే వచ్చింది. తెల్లారుతూనే బయటికొచ్చాను. చెట్టు కింద సత్యనారాయణమ్మగారి పాత చీర పరిచి ఉంది, నీలం చీర. దాని నిండా తెల్లని పువ్వులు, పగడాల్లాంటి కాడలు. ఇంకా ఒక్కొక్కటే రాలుతున్నాయి. చప్పుడు ఉండదు, పడేదాకా తెలియదు. బాలామణి నిండుగా, బరువుగా చీర పక్కన పీట మీద కూర్చుని ఒళ్లోకి పువ్వులు ఏరుకుంటోంది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ కాసేపు నాకు ఒక్క భయమూ గుర్తు రాలేదు.

"మధ్యాహ్నానికి వాడిపోతాయి లెండి" అంది వియ్యపురాలు నా పక్కకొచ్చి. కానీ దేవుడికని మొదటి దోసిలి ఆవిడే తీసి కళ్లకద్దుకుంది.

అరుగు మీద చెంబు ఉంది. అందులో నీళ్లున్నాయి. అలవాటు కొద్దీ నా చెయ్యి అటు పోయింది.

"అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"చెల్లెమ్మా" అన్నారు పుల్లయ్యగారు కిటికీలోంచి.

"చెంబు కింద పెట్టండి వదినగారూ" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ముఖం కడుక్కోవడానికన్నాను. నిజంగానే కడుక్కున్నాను కూడా.

ఇప్పుడు బాలామణి మా ఇంట్లో ఉంది. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కూర్చుంటుంది, నేను పొగడ మొక్కకు నీళ్లు పోస్తూ ఉంటాను. జానెడు మొక్క జానెడున్నర అయింది. మేకలకు కంప కట్టాను, ఎండకు తాటాకు అడ్డం పెట్టాను, తాటాకు గాలికి మీద పడుతుందేమోనని దానికి రాయి ఆనించాను. ఆ రాయి దొర్లుతుందేమోనని చూస్తున్నాను.

"ఇంకో చెంబు పొయ్యమ్మా" అంటుంది బాలామణి మరమరాలు నములుతూ. "మన రాతినేల, తాగేస్తుంది."

పోస్తాను. ఇక్కడ నన్ను ఎవరూ ఆపరు.